ఏ రాయి నుంచి?

మా సంఘం సమాధుల తోటలో సగం మందికి రాయి లేదు. పేరు చెక్కించుకోగలిగినవాళ్లు చెక్కించుకున్నారు. తక్కినవాళ్లకు మట్టి, మట్టి మీద కర్ర సిలువ. రెండు వానాకాలాలు దాటితే కర్ర కూడా ఉండదు. అందుకని మా పెద్దలు ఒక పుస్తకం పెట్టారు. తోటకు ఈశాన్య మూలన మోకాలెత్తు సర్వే రాయి ఒకటుంది. ఎవరిని సమాధి చేసినా ఆ రాయి నుంచి దక్షిణానికి ఎన్ని అడుగులు, పడమరకు ఎన్ని అడుగులు అని టేపు పెట్టి కొలిచి అందులో రాస్తారు. మా అక్క ప్రిస్కిల్లా పేరుకు ఎదురుగా 'దక్షిణం ముప్పై ఒకటి, పడమర పన్నెండు' అని ఉంటుంది. ఆమెకున్న గుర్తు అదొక్కటే. రాయి వద్దని తనే చెప్పి పోయింది.

ఆ ఈశాన్యపు రాయి మీద ఎర్ర రంగు పూసింది నేనే.

నేను సర్వే పనివాణ్ణి. పదమూడో ఏట భూమి కొలిచే గొలుసు పట్టుకున్నాను. అక్క నర్సింగులో చేరాలంటే ఇంట్లో ఇంకొకరు బడి మానాలి. ఏడో తరగతి మధ్యలో నన్ను మాన్పించారు. దీన్ని త్యాగమని ఎవరైనా అంటే నాకు మండుతుంది. నన్నెవరూ అడగలేదు. అక్కకు మాత్రం అది గుర్తుంది. మొదటి ఉద్యోగం నుంచి చివరి జబ్బు దాకా పండగ రోజు మొదట నాకు వడ్డించి ఆ తర్వాతే తను తినేది. ఆ ఒక్క పనికి నేనామె మీద కోపం నిలుపుకోలేకపోయాను.

గొలుసు పోయి టేపు వచ్చింది, టేపు పోయి యంత్రాలు వచ్చాయి. ఇప్పుడు బెంగళూరు హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక మ్యాపుల కంపెనీకి ఫీల్డు పని చేస్తున్నాను. అక్కడ అందరూ నా సగం వయసువాళ్లు. నేను వాళ్లకు 'సాల్మన్ గారు'. మర్యాద బాగానే ఉంటుంది; మీటింగుకు మాత్రం పిలవరు.

మా చందాపుర పక్కన ముత్తనకెరె అని ఒక చెరువు ఉండేది. నీళ్లు పోయి ఇరవై ఏళ్లు దాటింది. కట్ట సగం రోడ్డు కింద కలిసిపోయింది, లోపల పిచ్చి గడ్డి, అంచుల్లో గోడౌన్లు. ఆ చెరువుకు అసలు హద్దు ఎక్కడో తేల్చి గుర్తులు పెట్టే పని మా కంపెనీకి వచ్చింది. పాత గ్రామ పటంలో ఆ ముక్క చిరిగిపోయి ఉంది. అందుకని నలభై ఏళ్ల నాటి సర్వే షీటు ఒకటి తెప్పించి, దాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించి, చెరువు గీతను దాని మీద నుంచి దిద్దుకున్నారు. గీత వెంట నలభై బిందువులు తీసి నా యంత్రంలో వేసి ఇచ్చారు. పొడుగాటి కర్ర, దాని మీద గిన్నె బోర్లించినట్టు జీపీఎస్. అది ఇటు నాలుగడుగులు, అటు రెండడుగులు అని చెబుతుంది. ఆగమన్నచోట ఆగి నేను ఎర్ర రంగు పూయాలి. ఆ గుర్తుల లోపలున్నదంతా చెరువు జాగా కింద లెక్క. పదిహేను రోజుల్లో జేసీబీ వచ్చి ఎత్తేస్తుంది.

ఇరవై రెండో బిందువు నన్ను మా తోట గోడ దగ్గరికి తీసుకుపోయింది. ఇరవై మూడోది గేటు దాటించింది. ఇరవై నాలుగోది సరిగ్గా ఈశాన్యపు రాయికి జానెడు దూరంలో ఆగింది. చెయ్యి తన అలవాటున ఆ రాయికే రంగు పూసేసింది. బ్రష్షు డబ్బాలో పెట్టాక గానీ నాకు బుర్రకెక్కలేదు.

తోట మొత్తం గుర్తుల లోపలికి వచ్చింది. రాయిని పెకలిస్తే పుస్తకంలోని అంకెలన్నీ వట్టి అంకెలు. దక్షిణం ముప్పై ఒకటి అంటే దేనికి దక్షిణం? అక్క ఎక్కడుందో నాకు కళ్లు మూసుకున్నా తెలుసు. తక్కిన నలభై ముగ్గురి సంగతి ఎవరికి తెలుసు?

పుస్తకం చూసుకునే అబ్రహాం తాత గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. నా చేతిలో డబ్బా చూశాడు, రాయి చూశాడు.

"నీ చేత్తోనే పూసినావు కదప్పా," అన్నాడు. "ఇంగ ఎవరిని తిట్టుకోవాల?"

నేను చెరువు కట్ట వైపు నడిచాను. చిన్నప్పుడు ఆ కట్ట మీద గొలుసు ఈడ్చినవాణ్ణి. తూము ఎక్కడుండేదో నా కాళ్లకు తెలుసు. గోడౌన్ల వెనక, టీ అంగడి పక్కన, రెండు నిలువు రాళ్లు, మీద ఒక అడ్డరాయి అలాగే ఉన్నాయి. ఎవరో వాటి మీద బట్టలు ఆరేశారు. షీటులో తూముకు గుర్తు ఉంది. దాన్నీ యంత్రంలో వేసి ఇచ్చారు. ఆ బిందువు నొక్కితే యంత్రం నన్ను ఆగ్నేయంగా రెండు వందల మీటర్ల దూరం రాగిచేలోకి పొమ్మంది.

కొంపలు నడుస్తాయి, గోడలు నడుస్తాయి, బెంగళూరు చుట్టుపక్కల కొండలే నడిచి కనబడకుండా పోయాయి. తూము రాళ్లు నడవవు.

మర్నాడు ఆఫీసులో మేనేజరు శశిధర్‌కు చెప్పాను. హైదరాబాదువాడు, మంచిగానే మాట్లాడతాడు. యంత్రం రెండు సెంటీమీటర్లకు మించి తప్పదని, ఆ రాళ్లను ఎవరో తర్వాత తెచ్చి పెట్టి ఉంటారని అన్నాడు. యంత్రం తప్పని నేననలేదు. యంత్రం చెప్పినచోటికే పోయాను. దానికి ఇచ్చిన అంకెలు ఎక్కడివని అడిగాను. అప్పుడు అతనన్న మాట నేను మరిచిపోలేదు.

"అంకెలు షీట్ మీదివే సాల్మన్ గారు. మీరే కదా చదివి చెప్పారు."

నిజమే. కంపెనీలో ఆ పాత షీటు గీతలూ, వెలిసిపోయిన అంకెలూ పోల్చుకోగలిగింది నేనొక్కణ్ణే. నాలుగు మూలల్లో ముద్రించిన అంకెలు నేను పైకి చదివాను: మొదటి మూలలో ఉత్తరం పన్నెండు డిగ్రీల నలభై అయిదు నిమిషాలు, తూర్పు డెబ్బై ఏడు డిగ్రీల ముప్పై నిమిషాలు. ఆఫీసులో మ్యాపులు గీసే చైత్ర కంప్యూటర్లో కొట్టింది. ఆ రోజు అందరూ చుట్టూ చేరి చూశారు. ఒకతను నా భుజం తట్టాడు. ఆ కంపెనీలో నాకు దక్కిన గౌరవం ఆ పది నిమిషాలే.

చైత్ర హిందూపురం పిల్ల. మధ్యాహ్నం అందరూ తిండికి పోయాక ఆమె కుర్చీ పక్కన నిలబడ్డాను. ఒక్క పని చేసి పెట్టమన్నాను. షీటులో ఉండి, నేలమీద కూడా ఇంకా ఉన్నవి మూడు తీసుకుందాం: బసవన్న గుడి, రైలు పట్టాల కింది పాత రాతి వంతెన, చందాపుర పాత కూడలి. మూడింటికీ షీటు ఏమంటుందో నువ్వు చూడు, నేల ఏమంటుందో నేను చూసి వస్తాను. ఆమె సరేనంది. రెండు రోజులు నా సొంత టైంలో తిరిగాను. ఉదయం ఆరుకు వంతెన దగ్గర, ఎనిమిదికి గుడి దగ్గర.

మూడు జవాబులూ ఒకటే. గుడి రెండు వందల మీటర్లు తప్పింది. వంతెన కూడా అంతే తప్పింది. కూడలీ అంతే. మూడూ షీటు ప్రకారం ఉండాల్సిన చోటికి వాయవ్యంగానే ఉన్నాయి. చెయ్యి వణికి గీత తప్పితే ఒకటి ఇటు పోవాలి, ఒకటి అటు పోవాలి. అన్నీ ఒకే వైపు, ఒకే దూరం జరిగాయంటే తప్పు మొదట్లోనే ఉంది.

చైత్ర షీటు బొమ్మను తెర మీద పెద్దది చేసింది. కింది అంచున సన్న అక్షరాల్లో ఇంగ్లీషులో నాలుగు వరుసలు ఉన్నాయి. నేను వాటిని ఏనాడూ చదవలేదు. చదవడం రాదు. అంకెలైతే ఏ భాషలోవైనా చదువుతాను. ఆమె వాటిని చదివి, తల పట్టుకుంది.

"అన్నా, నంబర్లు తప్పు కాదు. అవి ఎక్కడి నుంచి లెక్క కట్టినారనేది మనం చూడలే," అంది. "ఈ పాత షీట్లకి మొదలు మధ్యప్రదేశ్‌లో కల్యాణ్‌పూర్ అని ఒక చోటు ఉండాది. అక్కడొక గుర్తు. భూమి ఎంత లావు, పైన కింద ఎంత నొక్కుకుపోయింది అని అప్పటోళ్లు ఒక అంచనా వేసుకొని, ఆ గుర్తు నుంచి దేశమంతా లెక్క కట్టినారు. జీపీఎస్‌ది వేరే అంచనా. అది భూమి నడిమధ్య నుంచి లెక్క పెడ్తాది. రెండిట్లోనూ పన్నెండు డిగ్రీలే, డెబ్బై ఏడు డిగ్రీలే. కానీ చోటు వేరే. మార్చే లెక్క వేయాల. వేయలే."

"అంటే వేరే రాయి నుంచి కొలిచినారు," అన్నాను.

ఆమె నా వైపు చూసింది. "అంతే అన్నా. వేరే రాయి."

ఈ ముక్క మా తోటలో చీపురు పట్టేవాళ్లకు కూడా తెలుసు. ముప్పై ఒకటి, పన్నెండు అని ఎవరైనా వచ్చి అడిగితే అబ్రహాం తాత మొదట ఏ మూల రాయి నుంచి అని అడుగుతాడు. నలభై ఏళ్లుగా అదే ప్రశ్న. అది వింటూ పెరిగినవాణ్ణి, షీటు ముందు కూర్చున్న రోజు అడగలేదు. భుజం తట్టించుకునే తొందరలో ఉన్నాను.

గుండ్రటి భూమిని బల్లపరుపు కాగితం మీదికి దించడమే ఒక సర్దుబాటు అని కూడా చైత్ర చెప్పింది. కుండ మీద పేపరు అతికిస్తే ఎక్కడో ముడత పడాలి, లేదా చిరగాలి. ముడత ఎక్కడ పడనివ్వాలో చేసేవాడి ఇష్టం, అందుకే ఏ పద్ధతిలో అతికించారో అంచు మీద రాసి పెడతారు. ఆ రాసిందే మేం చదవలేదు. ఆమె అయిదేళ్లు ఇదే చదువు చదివింది. ఆమెకు చదువు ఉండీ చూడలేదు, నాకు చదువు లేక చూడలేదు. ఎవరిది ఎక్కువ తప్పో తేల్చుకోవడానికి మాకు టైం లేదు. జేసీబీకి ఇంకా ఎనిమిది రోజులే ఉన్నాయి.

శశిధర్ మొత్తం విన్నాడు. తెలివైనవాడు, రెండు నిమిషాల్లో అర్థమైంది. తలుపు వేసి, తప్పు జరిగిందని తాను కాదనడం లేదని, దాన్ని 'రివిజన్' అని పేరు పెట్టి మూడు నెలల తర్వాత పంపుదామని అన్నాడు. ఇప్పుడు పంపితే ఇంకో నాలుగు చెరువుల పని చెయ్యిజారిపోతుందట. మూడు నెలల తర్వాత అక్కడ తోట ఉండదన్నాను. స్టే తెచ్చుకోమని మీ చర్చివాళ్లకు చెప్పండి అన్నాడు. గురువారం సర్కారు సర్వేయరు వచ్చి గీత మీద సంతకం పెట్టే ఉమ్మడి తనిఖీ ఉంది కదా, అక్కడ మీరు కర్ర మాత్రం పట్టుకోండి, మాట్లాడకండి అన్నాడు. మాట్లాడితే ఏమవుతుందో అతను చెప్పలేదు. నేనూ అడగలేదు. యాభై రెండేళ్లవాడికి అది విడమర్చి చెప్పాలా?

గురువారం పది గంటలకు తోటలో అందరూ చేరారు. సర్కారు తరఫున సర్వేయరు గోపాలప్ప వచ్చాడు. నేను గొలుసు లాగిన రోజుల్లో అతను కొత్తగా ఉద్యోగంలో చేరినవాడు. ఇప్పుడు రిటైర్మెంటుకు రెండేళ్లుంది. సంఘం వాళ్లు పదిహేను మంది గోడ పక్కన నిలబడ్డారు. చెరువుకు వాయవ్యపు ఒడ్డున పెద్ద గోడౌన్ ఉన్న మోహన్‌కుమార్ కూడా ఎందుకో వచ్చాడు, చల్లటి మజ్జిగ ప్యాకెట్లు అందరికీ పంచాడు. అబ్రహాం తాత తీసుకోలేదు.

శశిధర్ ట్యాబు తెరిచి నీలం గీత చూపించాడు. గోపాలప్ప గీతను చూశాడు, రాయిని చూశాడు, తోటవాళ్లను చూశాడు. సంఘం వాళ్లు పట్టా జిరాక్సు ఇచ్చారు. పట్టా ఉన్నా చెరువులో ఉంటే చెల్లదని గోపాలప్ప నెమ్మదిగా చెప్పాడు. వెనక ఎవరో ఆడమనిషి ఏడుపు మొదలుపెట్టింది. గోపాలప్ప పెన్ను తీశాడు.

అప్పుడు నేను కర్రను నేల మీద పెట్టేశాను.

"గోపాలప్ప సార్, సంతకం పెట్టొద్దు. గీత తప్పు."

శశిధర్ నా పేరు పిలిచాడు. గారు అని చివర్లో చేర్చలేదు.

గోపాలప్ప కళ్లద్దాలు పైకెత్తి నన్ను పోల్చుకున్నాడు. "ఏమప్పా సాల్మన్. ఈ కంపెనీలోనా ఉండావు? నీ గీతను నువ్వే తప్పంటావా?"

"నాదే కాబట్టి అంటాండా. షీటు అంకెలు చదివింది నేను. అంచు మీద రాసింది చదవలేదు. ఇంగ్లీషు నాకు రాదు. రాదని ఆ పొద్దు చెప్పలేదు. సిగ్గు."

ఇంతే అన్నాను. అనడానికి పెద్దగా ఏమీ లేదు. శశిధర్ మధ్యలో దూరి, ఇది టెక్నికల్ విషయం, ఫీల్డ్ స్టాఫ్‌కు అంత అవగాహన ఉండదు అన్నాడు. గోపాలప్ప అతని వైపు తిరగలేదు.

"నేను టేపు మనిషినప్పా. ఆకాశంలో తిరిగేవాటి సంగతి నాకు తెల్దు," అన్నాడు నాతో. "కండ్లకు చూపించు. ఎట్ల చూపిస్తావు?"

బసవన్న గుడికి రమ్మన్నాను. నడిస్తే పది నిమిషాలు. ఎండలో అందరూ వచ్చారు, మజ్జిగ ప్యాకెట్లు పట్టుకునే. గుడి ముందు నిలబడి శశిధర్ ట్యాబులోనే, అదే షీటు, అదే లెక్క, గుడి గుర్తు మీద వేలు పెట్టాను. దాన్ని నా యంత్రంలో వేశాను. అదెక్కడికి పొమ్మంటే అక్కడికి పోదామన్నాను. గుడిని వెనక వదిలి, కాలువ దాటి, రెండు గట్లు ఎక్కి దిగి, రాగిచేల నడిమధ్య యంత్రం ఆగమంది. చుట్టూ రాగి వెన్నులు తప్ప ఏమీ లేదు. చేను గలవాడు పరిగెత్తుకొచ్చి ఎవరప్పా మీరంతా అని అడిగాడు.

"షీటు ప్రకారం బసవన్న ఈడుండాల," అన్నాను. "ఆడుండాడు. ఆయన మీదా కేసు రాసుకోండి సార్, జాగా మార్చినాడని."

గోపాలప్ప నవ్వలేదు గానీ పెదవి పక్కకు లాగాడు. ఎంత దూరమని అడిగాడు. చెప్పాను. ఏ దిక్కని అడిగాడు. చెప్పాను. ఇలాగే ఇంకేమైనా ఉన్నాయా అన్నాడు. వంతెన, కూడలి, తూము అన్నాను. తూము దగ్గరికి అతనే ముందు నడిచాడు. ఆ రాళ్ల మీద ఆరేసిన లంగా పక్కకు తీసి, అడ్డరాయి మీద చెక్కిన పాత గుర్తును వేలితో తడిమాడు. ఈ గుర్తు తన గురువు ఒకప్పుడు తనకు చూపించాడని తనలో తాను అనుకుంటున్నట్టు అన్నాడు.

మార్చిన లెక్క చైత్ర ముందే తయారు చేసి పెట్టింది. ఫోన్ చేస్తే పది నిమిషాల్లో పంపింది. శశిధర్‌ను అడగకుండా పంపింది. ఆ పిల్ల ధైర్యానికి నేను ఏమిచ్చినా తక్కువే. కొత్త బిందువులు వేసి చూస్తే తూము తూము మీదే పడింది, గుడి గుడి మీద పడింది. చెరువు గీత మొత్తం వాయవ్యంగా జరిగింది. మా తోట గోడకు నూట పది మీటర్ల అవతల ఆగింది. అటు పక్క మాత్రం మోహన్‌కుమార్ గోడౌన్‌లో సగాన్ని లోపలికి తీసుకుంది.

అప్పుడు అర్థమైంది మజ్జిగ ఎందుకో.

గోపాలప్ప సంతకం పెట్టలేదు. సోమవారం మళ్లీ గుర్తులు పెట్టాలని, పాతవన్నీ రద్దని, పెట్టేటప్పుడు తాను పక్కనే ఉంటానని కాగితం మీద రాశాడు. గుర్తులు సాల్మనే పెట్టాలని కూడా రాశాడు. తప్పు ఒప్పుకున్నవాడికి ఆ చోటు రెండోసారి బాగా కనబడుతుందట.

శశిధర్ కారు ఎక్కేముందు, సోమవారం పని అయ్యాక యంత్రం ఆఫీసులో అప్పగించి ఐడీ కార్డు ఇచ్చి వెళ్లమన్నాడు. సరేనన్నాను. పదమూడో ఏట బడి నుంచి పంపేసినప్పుడు నన్నెవరూ అడగలేదు. ఈసారి నా కాళ్ల మీద నేను నడిచి పోతున్నాను. రెండూ ఒకటి కాదు.

ఆదివారం ఆరాధన అయ్యాక థిన్నరు సీసా, గోనె గుడ్డ తీసుకుని తోటకు పోయాను. ఈశాన్యపు రాయిని రెండు గంటలు రుద్దాను. రంగు పోయింది గానీ రాతి గరుకుల్లో ఎరుపు మిగిలింది. అబ్రహాం తాత కుర్చీ జరుపుకుని నా పక్కకు వచ్చాడు. అది పోదన్నాడు. ఉండనీ తాతా, రాయి ఉంది కదా అన్నాను. పుస్తకం తెరిచి మా అక్క వరుస చూపించమన్నాను. టేపు పట్టుకుని దక్షిణానికి ముప్పై ఒకటి, పడమరకు పన్నెండు కొలిచి, ఆ మట్టి మీద కాసేపు కూర్చున్నాను. తర్వాత షీటు జిరాక్సు తీసి, చైత్ర ఫోన్లో చెబుతుంటే ఆ నాలుగు వరుసలనూ ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ చదివాను. మూడోసారికి తడబడకుండా వచ్చింది.

సోమవారం మొదటి బిందువు మోహన్‌కుమార్ గోడౌన్ షట్టరు ముందు పడింది. గోపాలప్ప నీడలో నిలబడ్డాడు. మోహన్‌కుమార్ షట్టరుకు అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుని, చదువు రానివాడి మాట మీద తన గోడ పడగొడతారా అని నా వైపు చూడకుండా గోపాలప్పను అడిగాడు.

డబ్బా కింద పెట్టి, షీటును బండి సీటు మీద పరిచాను. "ఉండప్పా," అన్నాను అతనితో. "రంగు పూసే ముందర ఒకటి చదవాల."

కింది అంచు మీద వేలు పెట్టి మొదటి వరుస పైకి చదవడం మొదలుపెట్టాను. నెమ్మదిగానే చదివాను. ఇద్దరూ ఆగారు. నాలుగో వరుస అయ్యాక షీటు మడిచి, బ్రష్షు ముంచి, కుర్చీ కొంచెం జరపమన్నాను.